రాట్నానికి బోణీ

మిరపకాయ తొడిమ తీయడానికి బలం అక్కర్లేదు, గోరు కావాలి. బొటనవేలి గోరు కాయ మెడకు ఆనించి, చూపుడువేలితో తొడిమను పక్కకు వంచితే టప్పున ఊడి రావాలి. కాయ చిట్లకూడదు, గింజ రాలకూడదు. గింజ రాలిందంటే వెంకట్రాజం సేటు గద్దె మీద కూర్చునే కనిపెట్టేవాడు. ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలం ఆయన గోదాములో ఇరవై మంది ఆడవాళ్ళు పనిచేసేవారు. ముక్కుకూ నోటికీ కొంగు బిగించి, కళ్ళు మాత్రం బయటపెట్టి, పొద్దున ఎనిమిదికి రాశి చుట్టూ కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు లేచేవారు. ఇంటికి పోయాక ఆ చేతులతో పిల్లల ముఖం కడగడానికి లేదు, కంట్లో నలుసు తీసుకోవడానికి లేదు. మజ్జిగలో ముంచినా కొబ్బరినూనె రాసినా తెల్లారేదాకా మంట మంటే.

అందుకే వాళ్ళకు రాట్నమంటే ప్రాణం. స్టేషనుకు ఇవతల ఎగ్జిబిషన్ మైదానంలో పాండురంగం నిలబెట్టిన ఇనుప రాట్నం అది. పన్నెండు డబ్బాలు, డబ్బాకు నలుగురు. గోదాముకు సెలవున్న ఆదివారం సాయంత్రం అందరూ కలిసి పోయేవారు. డబ్బా పైకి లేవగానే రెండు అరచేతులూ చాపి గాలికి పట్టేవారు. కింద ఎంత ఉక్కపోసినా పైన గాలి ఉంటుంది. ఆ గాలి తగిలితే చేతుల్లో మంట ఎవరో ఊదినట్లు చల్లారేది. అటువంటి రాట్నం ఆగిపోయి రెండు ఎండాకాలాలు గడిచాయి.

బుధవారం నాడు సావిత్రి పనికి ఆలస్యంగా వచ్చింది. అందుకు సేటు చేత తిట్లు తిని కూడా నవ్వుతూనే కూర్చుంది. ముక్కుకు కొంగు కట్టుకోకముందే మాట బయటపెట్టింది.

"ఐతారం రాట్నం సురువైతాందట. పెద్దాఫీసోళ్ళు తిప్పుకొమ్మని కాయితం ఇచ్చిండ్లట. మైకు బండి తిరుగుతాంది, నేను చెవులార విన్న."

ఇంకేముంది, రాశి చుట్టూ ఒకటే సంబరం. ఆకుపచ్చ డబ్బా బాగా ఊగుతుందని ఒకామె, ఊగితే ఊగింది గాని దాని కడ్డీకి చీర పట్టుకుంటుందని ఇంకొకామె. అరవై దాటిన మొగిలమ్మ, రాట్నం మళ్ళీ తిరగకముందే తాను పోతానేమోనని రెండేళ్ళు బెంగపెట్టుకున్నానంది. పోయేదానివైతే దేవుడు ఎప్పుడో పైకి తీసుకుపోయేవాడు, ఊరికే పోయే ఆ సవారీకి టికెట్టు కూడా లేదు కదా అని సావిత్రి ఎగతాళి చేసింది. అందరూ నవ్వారు.

పూలమ్మ మాత్రం నవ్వులో కలవలేదు. గోదాము తలుపు పక్కన, కాస్త గాలి తగిలే చోట, ఆమె ఎప్పటి జాగాలో కూర్చొని కొంగు కిందే మురిసిపోతోంది. మురవదా మరి. రాట్నం నిలబెట్టిన మొట్టమొదటి రోజు అంత ఎత్తు చూసి మగవాళ్ళు కూడా వెనక్కి తగ్గితే, పూలమ్మ చెప్పులు విడిచి పైట దోపుకొని ఎక్కింది. ఆ పూట జనం విరగబడ్డారు. ఈమె చెయ్యి మంచిదని పాండురంగం ఆనాటి నుంచి ప్రతి ఆదివారం బోణీ ఆమెతోనే చేయించేవాడు. ఏటా రాట్నం తిప్పడం మొదలుపెట్టే ముందు తమలపాకులు, వక్కలు, పసుపుకుంకుమలు పట్టుకొని ఇంటికి వచ్చి పిలిచి పోయేవాడు. ఖాళీ రాట్నంలో పూలమ్మ ఒక్కతే కూర్చుంటే, ఎదురు డబ్బాలో తూకానికి ఇసుక బస్తా పెట్టి మూడు చుట్లు మెల్లగా తిప్పేవాళ్ళు. దిగాక టికెట్ల కిటికీ పక్కన స్టూలు వేసి, ఒళ్ళో కొబ్బరికాయ పెట్టి కూర్చోబెట్టేవాళ్ళు. వచ్చేపోయేవాళ్ళంతా ఆమె ముఖం చూసి టికెట్టు కొనేవారు. బోణీ చేసిన చెయ్యి ఆ పూట మళ్ళీ టికెట్టు కొనకూడదు. కొంటే ఇచ్చిన లక్ష్మిని వెనక్కి గుంజుకున్నట్లేనని పాండురంగం నమ్మకం.

ఆదివారానికి నడుమ ఇంక మూడు రోజులే మిగిలాయి. పూలమ్మ మనసులోనే మామిడిపండు రంగు చీర తీసి దండెం మీద ఆరేసుకుంది. ఊరికే అన్నట్లు, "పాండురంగం ఇంకా రాలేదేందో. పనిల వడ్డట్టున్నడు," అంది.

టప్ టప్ మంటున్న చప్పుడు ఆగిపోయింది. మొగిలమ్మ దగ్గింది. ఆ దగ్గు మిరపకాయల దగ్గు కాదని పూలమ్మకు అర్థమైంది.

పక్కన కూర్చున్న చిలుకమ్మ కాయ మీద నుంచి చూపు ఎత్తలేదు. చిలుకమ్మ ఇంటికీ పూలమ్మ ఇంటికీ నడుమ ఒకే గోడ. ఒక వయసు. ఒకే ఏడు గోదాములో చేరారు. "మొన్న పొద్దుగూకాల మా ఇంటికొచ్చిండు," అంది చిలుకమ్మ. "ఆకులు వక్కలు వెట్టి పోయిండు. నేనేమన్న అడిగిన్నా పూలా? ఆయనంతల ఆయనే వచ్చిండు."

"మంచిదే గదనే," అంది పూలమ్మ.

ఆమె చేతిలో మూడు కాయలు వరసగా చిట్లాయి. సావిత్రి మంచిదే గాని నోటికి తాళం లేనిది. ఆ దినం బోణీ పూలత్తదే కదా, అందుకే పాండురంగానికి గుబులు పట్టి ఉంటుందని అందరికీ వినబడేట్టే అంది. ఆ దినం అంటే రాట్నం పట్టేసిన దినం. నిండా జనంతో ఆరో చుట్టులో కీచుమని అరిచి బిగుసుకుపోయి, పైనున్న వాళ్ళను నిచ్చెనలతో దించడానికి రెండు గంటలు పట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పూలమ్మ చేతికి మాత్రం చెడ్డపేరు తగిలింది. రెండేళ్ళుగా ఆమె ముందు ఎవరూ అనని ఆ మాట రాశి మీద పడేసరికి ఆమెకు కారం పొడి కంట్లో పోసినట్లయింది.

"పూలమ్మా," అన్నాడు గద్దె మీద నుంచి సేటు, "ఈసారి కాయలు ఇడిచిపెట్టి గింజల బేరం పెట్టుకుందామా?"

*

గురువారం తొర్రూరు వైపు నుంచి కొత్త సరుకు దిగింది. కొత్త సరుకులో మొదటి బస్తా కుట్టు తెంపడం ఇన్నేళ్ళూ పూలమ్మ పని. సేటు కొడవలి ఆమె చేతికిచ్చి, దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టుకునేవాడు. పూలమ్మ అలవాటుగా లేచి కొంగు దులుపుకొని నిలబడింది. సేటు కొడవలి పట్టుకొని ఆమెను దాటి పోయి చిలుకమ్మకు ఇచ్చాడు. నిన్నటి మాట ఆయన చెవిన పడనే పడింది. చిలుకమ్మ ఒకసారి పూలమ్మ వైపు చూసింది, ఒకసారి సేటు వైపు చూసింది, కుట్టు తెంపింది. ఎర్రటి కాయలు జలజల రాలాయి.

కుట్టు తెంపినామె తలుపు పక్కన కూర్చోవడం గోదాము ఆనవాయితీ. ఎవరూ చెప్పకుండానే పూలమ్మ తన గోనెపట్టా తీసుకొని గోడ వైపు జరిగింది. అక్కడ గాలి లేదు. మధ్యాహ్నానికి ఘాటు మెడ దాకా ఎక్కి, తుమ్ము వెనక తుమ్ము వచ్చింది. తలుపు దగ్గర చిలుకమ్మ నుదుటి మీద వెంట్రుకలు గాలికి కదులుతున్నాయి. పూలమ్మ ఆ వెంట్రుకలనే చూస్తూ కూర్చుంది. ఎన్నడూ లేంది ఆ రోజు చిలుకమ్మ పనిలో వంకలన్నీ కనబడ్డాయి. సగం తొడిమ కాయకే వదిలేస్తుంది. తాలుకాయను మంచికాయల్లో కలిపేస్తుంది. ఇటువంటి చేతికి బోణీ అట.

ఇంటికి పోతే అక్కడా అదే గొడవ. నడుమ గోడ మనిషి ఎత్తే, పైకప్పు రెండు ఇళ్ళకూ కలిసే ఉంటుంది, మాట్లాడితే మాట, నవ్వితే నవ్వు ఇటు పడుతుంది. వాడ ఆడవాళ్ళంతా చిలుకమ్మ ఇంట్లో చేరారు. పాండురంగం పెట్టిన వక్క ఒక్కొక్కరు నములుతున్నారు. కొత్త జాకెట్టు కుట్టించాలా, ఉన్నదే వేసుకోవాలా అని చర్చ. అంతలో చిలుకమ్మ గోడ మీద నుంచి తల ఎత్తి పిలిచింది. బోణీకి పూలమ్మ తలలో ఏ పూలు పెట్టుకునేదో కనుక్కోవాలట. ఆ ముఖంలో కపటం లేదు. నిజంగానే తెలియక అడిగింది. కపటం ఉన్నా పూలమ్మకు అంత మండేది కాదు.

"కనకాంబరాలు," అంది పూలమ్మ. ఆమె పెట్టుకునేది మల్లెలు.

అన్నం తింటున్న మొగుడు ఉప్పలయ్య ఆ మాట విని తలెత్తాడు. అబద్ధం ఎందుకు చెప్పావని అడగలేదు. రాట్నమే కదా, దానికింత ఆరాటం ఎందుకని మాత్రం అడిగాడు. ఆ మాటకు జవాబు చెప్పాలంటే తలుపు పక్క జాగా గురించి చెప్పాలి, కొడవలి గురించి చెప్పాలి, స్టూలు మీద కూర్చున్నప్పుడు ముక్కూ ముఖం తెలియని వాళ్ళు ఆమెకు దండం పెట్టిన సంగతి చెప్పాలి. చిలుకమ్మను పైకి తీసుకుపోయి రాట్నం మళ్ళీ పట్టేస్తే ఎట్లా ఉంటుందని ఒక ఆలోచన వచ్చింది. వచ్చిన ఆలోచనను తరిమేయలేదు. ఇంకో గరిటె అన్నం వడ్డించుకొని, దాన్ని నంజుకొనే తిన్నది.

*

శుక్రవారం పని దిగాక ఆమె కాళ్ళు ఇంటి దారి పట్టలేదు. మైదానం చుట్టూ వేసిన వెదురు కంచె దగ్గర అప్పటికే పాతిక మంది దాకా నిలబడి ఉన్నారు. వాళ్ళకు వేరే పని లేదు. రాట్నాన్ని చూడటమే పని. మిల్లులో పని మానేసిన ఒక పెద్దాయన రోజూ వచ్చి డబ్బాలకు రంగు వేయడం దగ్గరుండి చూస్తున్నాడట. ఏడో డబ్బాకు ఒకప్పుడు నీలం రంగుండేది, ఇప్పుడు పసుపు వేశారు, ఇది అన్యాయమని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. ఒకామె చంకలో పిల్లను పెట్టుకొని, నువ్వు కడుపులో ఉండగా ఎక్కాను చూడు అని వేలు చూపిస్తోంది. పొద్దు గుంకుతుంటే రాట్నం ఎర్రగా, ఎత్తుగా, కదలకుండా నిలబడి ఉంది. పూలమ్మకు తనదనుకున్న వస్తువు ఇంకొకరి వాకిట్లో చూసినట్లుంది.

కంచె సందులో నుంచి లోపలికి పోయింది. రాట్నం కాళ్ళ దగ్గర మిస్త్రీ కట్టయ్య బాసింపట్టు వేసుకొని, ఒక చిన్న రేకు డబ్బాలోంచి నల్లటి గ్రీజు ముద్ద తీసి ఇరుసు పక్కన కూరుతున్నాడు. నర్సంపేటలో ఇంజన్లు బాగుచేసే మనిషి. ఈ ఊరి సంగతులు తెలియనివాడు. పక్కన గోనె మీద పాత బేరింగు పడి ఉంది. పూలమ్మ దాన్ని కాలితో కదిపి, ఇదేనా ఆనాడు పట్టేసిందని అడిగింది.

కట్టయ్య దాన్ని తీసి ఆమె ముందు పెట్టాడు. గుండ్లు నీలం రంగుకు మారి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. వేలితో రుద్ది చూపించాడు. వేలికి ఏమీ అంటలేదు.

"సూడక్కా, సుక్క గ్రీజు లేదు. ఆగకముందు ఏడాది సంది ఎవ్వలు ముట్టినట్టు లేదు. ఎండకు ఎండి, తిరిగి తిరిగి, ఇనుమే కాలిపోయింది. పట్టెయ్యక ఏంజేస్తది?"

"అంటే చెయ్యి బాగలేక కాదా?"

"ఎవల చెయ్యి?" అన్నాడు కట్టయ్య, అర్థం కాక. అంతలోనే నవ్వాడు. "గ్రీజు వెట్టాల్సిన చెయ్యి బాగలేదు. గంతే."

ఆ మాట ఆమె విన్నది, మళ్ళీ ఒకసారి చెప్పించుకొని విన్నది. ఇంటికి వచ్చేదాకా కాళ్ళు నేలకు ఆనినట్లు లేవు.

*

శనివారం పొద్దున్నే, గోదాముకు పోకముందే, పాండురంగం దగ్గరికి పోయింది. ఆయన టికెట్ల కిటికీకి సున్నం వేస్తున్నాడు. పూలమ్మ కిటికీ ముందు నిలబడి, బేరింగు చూశాను తమ్మీ అంది. పాండురంగం చేతిలో కుంచె ఆగింది. అటూ ఇటూ చూసి, ఆమెను కిటికీ వెనక్కి పిలిచి, పాత కుర్చీ దులిపి వేశాడు. ఆమె కూర్చోలేదు.

పాండురంగం చెడ్డవాడేం కాదు. మాట దాచుకునేవాడు, అంతే. ఆ ఏడు తన తల్లి మంచాన పడిందని, రాట్నం సంగతి పట్టించుకోలేదని ఒప్పుకున్నాడు. రాట్నం ఆగిన మరునాడు ఎవరో జనంలో బోణీ మాట ఎత్తితే, కాదనడానికి నోరు రాలేదన్నాడు.

"అక్కా, ఒక్క సంగతి ఆలోచన జెయ్యి," అన్నాడు. "చెయ్యి బాగలేదంటే నేను చెయ్యి మారుస్త, జనం మళ్ళ వస్తరు. గ్రీజు వెయ్యలేదంటే నన్ను నేను ఎట్ల మార్చుకోను? ఒక్కలు ఎక్కరు. పెద్దాఫీసోళ్ళు కాయితం గుంజుకుంటరు. రాట్నం తుక్కు కింద అమ్ముకునుడే."

"మరి నా పేరు?"

"వచ్చే ఏడు మళ్ళ నీకే ఆకులు వెడత. జనం యాది మరుస్తరు."

"నేను మరువద్దా?" అంది పూలమ్మ. తలకిందులుగా పట్టుకున్న కుంచె నుంచి సున్నం ఆయన చెప్పు మీద కారుతోంది.

ఆ రోజంతా గోడ పక్కన కూర్చొని తొడిమలు తీస్తూ ఆమె లెక్క వేసుకుంది. రేపు కొబ్బరికాయ కొట్టేటప్పుడు అందరి ముందూ చెప్పేయాలి. చెబితే జనం వెనక్కి మళ్ళుతారు. రాట్నం తిరగదు. మొగిలమ్మ, సావిత్రి, ఏడో డబ్బా రంగు కోసం కొట్లాడిన ఆ పెద్దాయన, అందరూ ఉసూరుమంటూ ఇంటికి పోతారు. తిరగకపోతే తనకూ గాలి లేదు. పూలమ్మ అరచేతులు చూసుకుంది. వేళ్ళ సందుల్లో తోలు లేచి ఎర్రగా ఉంది. సాయంత్రం ఇంటికి పోయి చన్నీళ్ళ కుండకు రెండు చేతులూ ఆనించి పట్టుకుంది. గోడ అవతల చిలుకమ్మ కొత్త జాకెట్టు తొడిగి చూసుకుంటున్నట్లుంది. చంక దగ్గర బిగుతైందని సావిత్రి, కాలేదని మొగిలమ్మ వాదులాడుకుంటున్నారు. పూలమ్మ కుండ వదిలేసింది. చిలుకమ్మ చేత్తో తిరిగేటట్లయితే తిరగకపోవడమే మేలనుకుంది. అంత దూరం వచ్చింది ఆమె కడుపుమంట.

*

ఆదివారం నాలుగు గంటలకే మైదానం నిండిపోయింది. బ్యాండు వాళ్ళు, మైకు, మరమరాల బండ్లు, బెలూన్లు. రాట్నానికి మామిడాకుల తోరణం కట్టారు. గోదాము ఆడవాళ్ళంతా కంచె పక్కన వరసగా నిలబడ్డారు. చిలుకమ్మ తలలో కనకాంబరాలు పెట్టుకొని, కొత్త జాకెట్టులో చేతులు పైకి ఎత్తలేక, రాట్నం కింద నిలబడి ఉంది. పూలమ్మ మామిడిపండు రంగు చీరే కట్టుకొచ్చింది. కొబ్బరికాయ కొట్టే చోటికి నాలుగడుగుల దూరంలో నిలబడింది. చెప్పవలసిన మాట నోట్లో తయారుగా ఉంది.

పాండురంగం కాయ ఎత్తాడు. సరిగ్గా అప్పుడే బ్యాండు మొదలైంది. కట్టయ్య ఇంజను తాడు లాగాడు. ఆ రెండు మోతల్లో పూలమ్మ నోరు తెరిచినట్లు ఆమెకు తప్ప ఎవరికీ తెలియలేదు. కాయ పగిలింది. చిలుకమ్మ డబ్బాలో కూర్చుంది. ఎదురు డబ్బాలోకి ఇసుక బస్తా ఎక్కించారు. రాట్నం కదిలింది.

మైదానమంతా చేతులు కొట్టింది. అంత మందిలో చప్పట్లు కొట్టనిది పూలమ్మ ఒక్కతే. కళ్ళు ఇరుసు మీద పెట్టి, ఆగు, ఆగు అని లోపల లోపల అంటూ నిలబడింది. అది ఆగలేదు. కీచుమనలేదు. చిలుకమ్మ కడ్డీ పట్టుకొని, ఫోటో స్టూడియోలో కూర్చున్నట్లు బిగుసుకొని, మెల్లగా పైకి పోయింది, మెల్లగా కిందికి వచ్చింది. ఎదురుగా బస్తా అంతే మర్యాదగా తిరిగింది. మూడు చుట్లు. దించారు. స్టూలు వేసి, ఒళ్ళో కొబ్బరికాయ పెట్టి కూర్చోబెట్టారు. దండం పెట్టేవాళ్ళు దండం పెట్టారు.

పూలమ్మ ఇంటికి మళ్ళబోయింది. సావిత్రి ఆమె రెక్క పట్టుకుంది. "యాడికత్తా? బోణీ లేకపోతే నీకు రాట్నం సుట్టం గాదా? నడువు, లైను పెరుగుతాంది," అని లాక్కుపోయి మొగిలమ్మ వెనక నిలబెట్టింది. పదేళ్ళలో ఎన్నడూ పూలమ్మ ఆ వరసలో నిలబడలేదు. చమట, మల్లెపూలు, వేరుశెనగపొట్టు, వెనకనుంచి తోపులు. కిటికీ దగ్గరికి రాగానే లోపల పాండురంగం ఆమె ముఖం చూసి తెల్లబోయాడు. ఆమె నిన్నటి మాటను అరవలేదు. కూరలో ఉప్పు వేశావా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"గ్రీజు వెట్టినవా తమ్మీ?"

పాండురంగం టికెట్లు చించుతూ ఉండిపోయాడు. ఇంజను దగ్గరి నుంచి కట్టయ్య జవాబిచ్చాడు, మోచేతి దాకా నల్లగా ఉన్న చెయ్యి ఎత్తి. "ఈసారి కడుపునిండ వెట్టినక్కా. పోయినసారి లెక్క సుక్క లేకుంట గాదు."

"పోయినసారి లేకుండెనా?" అన్నాడు వెనకనుంచి మిల్లు పెద్దాయన.

ఆ ప్రశ్న వరసలో ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పాకుతూ వెనక్కి పోయింది. పోతున్నకొద్దీ తలలు కిటికీ వైపు తిరిగాయి, అక్కడి నుంచి పూలమ్మ వైపు తిరిగాయి. ఒకరిద్దరు అడుగు వెనక్కి వేశారు. మొగిలమ్మ వాళ్ళ వైపు తిరిగి, ఇప్పుడు పెట్టిండు కదా, రెండేళ్ళు కాచుకున్నాం, ఎక్కేవాళ్ళు ఎక్కండి, భయమున్నవాళ్ళు తొవ్వ ఇడువుండ్రి అంది. ఎవరూ తొవ్వ విడవలేదు. ఎవరో ఒకామె మాత్రం, గ్రీజు లేక ఆగిన దానికి పూలమ్మను ఎందుకు అంటిరో పాపం అంది. ఆ మాట చిన్నగానే అంది. పూలమ్మకు చాలినంత పెద్దగానే వినబడింది.

సావిత్రి, మొగిలమ్మ, చంకలో పిల్లతో ఒకామె, పూలమ్మ, నలుగురూ ఒక డబ్బాలో ఇరుక్కున్నారు. పన్నెండు డబ్బాలూ నిండాయి. కట్టయ్య ఇంజను పెంచాడు.

మొదటి చుట్టు ఆమెకు తెలిసిన చుట్టే. రెండో చుట్టుకు రాట్నం ఊపు అందుకుంది. పై నుంచి కిందికి దిగేటప్పుడు కడుపు పైనే ఉండిపోయి మనిషి ఒక్కతే కిందికి వచ్చినట్లయింది. పూలమ్మ కెవ్వుమంది. తన గొంతని ఆమెకు వెంటనే తెలియలేదు. మొగిలమ్మ బోసినోరు తెరిచి నవ్వుతూ ఆమె తొడ మీద చరిచింది. సావిత్రి కేక, పిల్ల కేరింత, పక్క డబ్బాలో వాళ్ళ పాట, అన్నీ కలిసిపోయాయి. గోవిందరాజుల గుట్ట లేచి కూర్చొని మళ్ళీ పడుకుంది. స్టేషను రేకులు మెరిశాయి. పదేళ్ళు ఈ కేకలన్నీ ఆమె స్టూలు మీద కూర్చొని విన్నది. ఎంత లేకిగా అరుస్తారీ జనం అనుకొని, కొబ్బరికాయ సర్దుకొని, హుందాగా నవ్వేది. ఇసుక బస్తా ముందు ఎవరు అరుస్తారు? చేతులు చాపితే గాలి కొట్టింది. మూడు మెల్లని చుట్లకు తగిలే గాలి కాదది. వేళ్ళ సందుల్లో దూరి, పచ్చిగా ఉన్న తోలును చల్లగా ఒరుసుకుంటూ పోయింది. ముడి ఊడి జుట్టు ముఖం మీద పడింది. కట్టుకోవాలని కూడా తోచలేదు. ఇంత ఉన్నదా ఇందులో అనుకుంది. పదేళ్ళు తలుపు దాకా పిలిచి, పీట వేసి కూర్చోబెట్టి, వంట వాసన చూపించి పంపారు.

దిగే చుట్టులో కిందికి చూసింది. స్టూలు మీద చిలుకమ్మ మెడ వెనక్కి వంచి, వేరే డబ్బాల జోలికి పోకుండా, వీళ్ళ డబ్బానే పైకీ కిందికీ చూపులతో తిప్పుతోంది. ఆదివారం ఆదివారం అందరితో కలిసి ఇందులో అరిచిన మనిషి. పెదవులు బిగించి ఉంది. ఎవరో టికెట్టు కొని దండం పెడితే చూడలేదు. ఆ ముఖం లోపల ఏముందో పూలమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాలుగు రోజులుగా అదే ముఖాన్ని తాను మోస్తోంది.

రాట్నం ఆగింది. పూలమ్మ సావిత్రి భుజం పట్టుకొని దిగింది. సావిత్రి అప్పుడే మళ్ళీ లైను వైపు ఉరికింది. పూలమ్మ స్టూలు ముందు నిలబడి ఊపిరి తీసుకుంది. చిలుకమ్మ ఆమె చెదిరిన జుట్టును, జారిన పైటను, ఎర్రబారిన బుగ్గలను ఒక్కొక్కటిగా చూసింది.

"ఎట్లున్నదే పూలా పైన?"

"ఏమున్నదే. ఉత్త గాలి," అంది పూలమ్మ.

చిలుకమ్మ నమ్మలేదు. కొబ్బరికాయను ఒక తొడ మీద నుంచి ఇంకో తొడ మీదికి మార్చుకుంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"గ్రీజు సంగతి నాకు తెల్వదు పూలా. తెలిస్తే ఆకులు ముట్టకపోదును. వచ్చే ఐతారం బోణీ నువ్వే చెయ్యరాదే. నేను పాండురంగానికి చెప్త. సేటుకు గూడ చెప్త, ఆ తలుపుకాడి జాగ నాకొద్దు."

వెనక సావిత్రి పిలుస్తోంది, ఆకుపచ్చ డబ్బా దొరికింది, తొందరగా రమ్మని. పూలమ్మ ఊడిన జుట్టును చుట్టి ముడి వేసుకుంది. వంగి చిలుకమ్మ ఒళ్ళో జారిపోతున్న కొబ్బరికాయను నిలబెట్టి, దాని మీద కుంకుమ చెదరకుండా సర్దింది.

"తలుపుకాడి జాగ ఇయ్యి, కూసుంట. బోణీ మాత్రం నాకెందుకే," అంది. "నీ చెయ్యి మంచిదాయె."

అని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని, లైనులో చోటు పోకముందే ఉరికింది.